స్లోలో నిలబడని కారు

షెడ్డు,
సోమవారం సాయంత్రం.

మామయ్యకి,

నమస్కారాలు. నిన్న ఆసుపత్రి గుమస్తా గదికి ఫోన్ చేసి అమ్మని పిలిపించాను. ‘మామయ్యని అడుగు, ప్లగ్గు మార్చినా ఇంజన్‌లో మిస్ పోవట్లేదు, ఏం చెయ్యమంటాడో’ అన్నాను. అమ్మ వెళ్లి పలక మీద ఏం రాసి చూపించిందో గానీ తిరిగొచ్చి, ‘పెగ్గు అలవాటు ఎవరికైందే, ముందు మానెయ్యమను అంటున్నాడు మీ మామయ్య’ అంది. అవతల గుమస్తా నవ్వడం కూడా వినిపించింది. ఇక ఫోన్ వద్దు మామయ్యా. మనకి ఉత్తరాలే మేలు.

ఆ జ్వరంలో నీ చెవులు రెండూ మూసుకుపోయి, అమ్మ నిన్ను ఆ ఊరు తీసుకెళ్లిన దగ్గర్నుంచి షెడ్డులో నేనొక్కదాన్నే. ‘ఆడపిల్లవి, ఇంజన్ నువ్వు విప్పుతావా’ అనడం జనం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు ‘మీ మామయ్య ఎప్పుడొస్తాడు’ అని అడుగుతున్నారు. రెండూ ఒకటే అనుకో.

సంగతేమిటంటే, నర్సమ్మగారి కారు వచ్చింది. ఇటుకబట్టీల వైపుకీ, కొండ కింద ఇళ్లకీ ఆవిడ కాన్పులకు వెళ్లేది ఆ కారులోనే కదా. రేసిచ్చి పోతుంటే పర్వాలేదు. ఆపి స్లోలో ఉంచితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతోంది. ఒక్కోసారి ఆగిపోతోంది. శబ్దం రాస్తున్నా, మనసులో చదువుకో. డబ్ డబ్ డబ్ ఫుస్. డబ్ డబ్ డబ్ ఫుస్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మరీ ఎక్కువ. ప్లగ్గులు కొత్తవి వేశాను. పాయింట్లు గీకి సరిచేశాను. కార్బురేటర్ విప్పి కడిగాను. టైమింగ్ చూశాను. ఆ ఫుస్ మాత్రం పోలేదు.

నువ్వుంటే బానెట్ ఎత్తకముందే చెప్పేసేవాడివి.

నీ మేనకోడలు.

*

ఆసుపత్రి వెనక వీధి, అద్దె గది.

పిడుగుకి ఆశీస్సులు.

పెగ్గు సంగతి మీ అమ్మ ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. తప్పు ఫోన్‌దట.

వైద్యం సాగుతోంది. ఎడమ చెవిలో సన్నగా ఈల లాంటిది మొదలైంది. మంచి గుర్తేనని డాక్టరు రాసి చూపించాడు. కాస్త సమయం పడుతుందట. అంతవరకూ నా ముందు ఎవరు మాట్లాడినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. సామెతలు మన మీదికి వచ్చినప్పుడు గానీ వాటి రుచి తెలియదు.

నేను ఎంత గట్టిగా మాట్లాడుతున్నానో నాకే తెలియదమ్మా. మొన్న మందుల కోసం వరసలో నిలబడి, ముందున్న ఆయన విగ్గు గురించి మీ అమ్మ చెవిలో ఒక మాట చెప్పాను. వరసంతా వెనక్కి తిరిగింది. అప్పట్నుంచి మీ అమ్మ గిల్లడానికి అందేంత దూరంలోనే ఉంటోంది.

కారు సంగతి. ఊరికే విప్పుకుంటూ పోకు, కోడిగుడ్డుకు ఈకలు పీకినట్టవుతుంది. ముందు ఏ సిలిండర్ పని చెయ్యట్లేదో పట్టుకో. ఇంజన్ స్లోలో పెట్టి ఒక్కో ప్లగ్గు వైరే తీసి చూడు. బాగున్న సిలిండర్ వైరు పీకితే ఇంజన్ ఇంకా కుంగుతుంది. పీకినా తేడా రాలేదంటే, చచ్చింది అదే. పొడిగుడ్డ చుట్టుకుని పట్టుకో. తర్వాత ఆ ప్లగ్గు తీసి పక్కదానికి వేసి, పక్కది దీనికి వెయ్యి. మిస్ ప్లగ్గుతో పాటు పోయిందా, అక్కడే ఉందా చూడు. ప్లగ్గు మొహం ఎలా ఉందో కూడా రాయి. నల్లగానా, తెల్లగానా, తడిగానా.

శబ్దం ఇంకాస్త వివరంగా రాయి. ఆ ఫుస్ పొడి ఫుస్సా, తడి ఫుస్సా?

మామయ్య.

*

షెడ్డు,
వాన పడుతోంది.

మామయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఒకటోది పీకితే కుంగింది. రెండోది పీకితే కుంగింది. నాలుగోదీ అంతే. మూడోది పీకితే ఇంజన్‌కి పట్టనే లేదు, ఎవరి ఇంట్లోనో పెళ్లి అన్నట్టుంది. ప్లగ్గులు మార్చి వేసినా మిస్ మూడో దాంట్లోనే ఉంది. వైరు మార్చాను. అయినా అక్కడే.

ప్లగ్గు మొహం చూస్తే విచిత్రంగా ఉంది. మిగతా మూడూ గోధుమ రంగులో ఉన్నాయి. మూడోది మాత్రం కడిగి ఆరబెట్టినట్టు శుభ్రంగా ఉంది. కొత్త ప్లగ్గులు వేశాను గనక అలా ఉందేమో అనుకున్నా, కానీ మిగతావీ కొత్తవే కదా.

శబ్దం గురించి అడిగావు. తడి ఫుస్సే అనిపిస్తోంది. చుయ్ అన్నట్టు ఉంటుంది చివర్లో. స్లో కాస్త పెంచితే తగ్గుతుంది. నర్సమ్మగారు మధ్యమధ్య రేడియేటర్‌లో నీళ్లు పోసుకుంటున్నారట, ఎక్కడా కారడం లేదంటున్నారు. పాత కారు కదా.

ఆవిడకి తొందరగా ఉంది. ఈ నెలలో కాన్పులు చాలా ఉన్నాయట. ‘ఎప్పుడిస్తావమ్మా’ అని రోజూ వచ్చి బల్ల మీద కూర్చుంటున్నారు. నేను పని చేస్తుంటే చూస్తూ కూర్చుంటారు. అదే కష్టం.

నీ ఎడమ చెవి ఈల ఎలా ఉంది?

నీ మేనకోడలు.

*

అద్దె గది.

పిడుగూ,

దొరికింది.

నీ ఉత్తరం రాగానే పలక తీసుకుని బొమ్మ గీశాను. మీ అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి ‘చుయ్ అను, మళ్లీ అను’ అని ఆవిడ పెదాలు చూస్తూ కూర్చున్నాను. పక్కగది ఆవిడ తలుపు తోసి చూసి, మళ్లీ వేసుకుని వెళ్లిపోయింది. ఏమనుకుందో ఏమో.

అది గాలి, పిచ్చిదానా. కార్బురేటర్ నుంచి సిలిండర్లకు పోయే గొట్టం ఉంది చూడు, మానిఫోల్డ్, అది ఇంజన్‌కి అతుక్కునే చోట మూడో సిలిండర్ దగ్గర మధ్యలో పెట్టే అట్ట, గాస్కెట్, పోయింది. అక్కడ దొంగగాలి లాగుతోంది. పెట్రోలు పలచబడి మూడోది మండట్లేదు. స్లోలో గాలి తక్కువ గనక ఆ దొంగగాలే ఎక్కువవుతుంది, అందుకే వణుకు. రేసిస్తే తెలియదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సందు పెద్దదవుతుంది, అందుకే అప్పుడు ఎక్కువ. అన్నీ కుదిరాయి. సబ్బునీళ్లు ఆ అతుకు మీద చల్లి చూడు, స్లో మారుతుంది. గాస్కెట్ మార్చి కారు ఇచ్చెయ్యి.

ఇవాళ చాలా రోజుల తర్వాత ఆకలేసింది. మీ అమ్మ పెట్టిందంతా తిని మళ్లీ అడిగాను. వినపడకపోతే పనికిరాననుకున్నాను గానీ, ఇంత దూరంలో కూర్చుని కాగితం మీద ఇంజన్ వింటే విన్నట్టే ఉంది. నువ్వు రాసింది అంత బాగా ఉందనుకో.

వెంటనే రాయి ఏమైందో. ఎదురుచూస్తుంటాను.

మామయ్య.

*

షెడ్డు.

మామయ్యకి,

నువ్వు చెప్పిందే. గాస్కెట్ మార్చాను. కారు కుట్టుమిషన్‌లా ఆడుతోంది. నర్సమ్మగారు తీసుకెళ్లారు. నీకు నమస్కారాలు చెప్పమన్నారు.

పని ఎక్కువగా ఉంది, అందుకే ఇంతే రాస్తున్నాను.

నీ మేనకోడలు.

*

అద్దె గది.

పిడుగుకి,

ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. గట్టిగా చదివానేమో, పక్కగది ఆవిడ కూడా వచ్చి నిలబడి విని, చివర్లో రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. ఆ ఉత్తరం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. ఆయన చదివి, భుజం తట్టి, పలక మీద ‘భేష్’ అని రాశాడు. ఆ పలక రెండ్రోజులు తుడవలేదు.

ఒక ఆలోచన వచ్చింది. వానలు తగ్గాక వచ్చేస్తాను. అప్పటికి ఎడమ చెవి కొంచెమైనా దారికొస్తుంది. రాకపోయినా ఏం? నువ్వు వినడం, చెప్పడం. నేను ఆలోచించడం. నీ చెవులూ నా బుర్రా కలిపితే ఒక మెకానిక్ అవుతాడు. ‘గుడ్డికన్నా మెల్ల మేలు’ అని ఊరికే అన్నారా.

ఇంకేం బళ్లొచ్చాయి? ఏ శబ్దమైనా సరే రాయి. ఇక్కడ నాకు వేరే పనేముంది.

మామయ్య.

*

షెడ్డు.

మామయ్యకి,

పెద్దగా బళ్లేం రాలేదు. ఒక ట్రాక్టరు వచ్చింది, క్లచ్ పని. దానికి శబ్దం ఏం లేదు. షెడ్డు రేకు గాలికి లేచింది, మళ్లీ మేకులు కొట్టించాను. అమ్మని మోకాళ్లకు నూనె రాసుకోమను.

కారు బాగానే ఉంది.

నీ మేనకోడలు.

*

ఆసుపత్రి,
బట్టలుతికే గది.

అమ్మా,

ఇవాళ నిన్ను పిడుగు అని పిలవబుద్ధి కావడం లేదు. కోపం వచ్చి కాదు. ముందు అది నమ్ము.

పొద్దున వరండాలో తడి దుప్పట్ల బండి తోసుకుంటూ పోతుంటే నర్సమ్మగారు కనిపించారు. బల్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నారు. బండి ఆపి ‘కారెలా ఉందమ్మా, గాస్కెట్ మార్చాక గుర్రంలా పోతోందట కదా’ అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, వరండా అంతా నా వైపు తిరిగింది. బండి మీది పలక తీసి ఆవిడకి ఇచ్చాను.

‘రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది’ అని రాశారు.

‘ఎప్పుడు? బాగైందని రాసిందే’ అన్నాను.

‘గేటు వేశారు. స్లోలో పెట్టాను. ఆగిపోయింది. మళ్లీ అందుకోలేదు.’ పమిటతో తుడిచి మళ్లీ రాశారు. ‘లోపల తాపీమేస్త్రీ భార్య ఉంది. కాన్పుకి తెస్తున్నాను.’

తుడిచారు. నేను చెయ్యి చాచి పలక తీసుకోబోతే ఇవ్వలేదు. చివరికి రాశారు. ‘లారీ దొరికి మన ఊరి ఆసుపత్రి చేరేసరికి బిడ్డ పోయాడు. తల్లికి రక్తం ఆగకపోతే ఇక్కడికి తెచ్చాను. తల్లి బతుకుతుంది.’

‘కారు ఎప్పుడు మళ్లీ చెడింది?’ అని అడిగాను.

‘బాగవలేదు’ అని రాసి పలక నా చేతిలో పెట్టారు.

గదికి వచ్చి నీ ఉత్తరాలు తీశాను. రేడియేటర్‌లో నీళ్లు పోస్తున్నారని నువ్వు రాశావు. ఎక్కడా కారడం లేదని రాశావు. మూడో ప్లగ్గు కడిగినట్టుందని రాశావు. ఈ మూడు మాటలు చాలమ్మా, నేర్చుకునేవాడైనా సిలిండర్ల మీద కూర్చునే హెడ్ పగిలిందని చెబుతాడు. నీళ్లు సిలిండర్‌లోకి దిగుతున్నాయి. నేను ఆ మాటలు చదివాను. చదివి పక్కన పెట్టాను. నాకు చుయ్ కావలసి వచ్చింది. శబ్దం మీద చెప్పగలనని మీ అందరికీ చూపించుకోవాలి కదా.

నువ్వు నాతో ఎందుకు అబద్ధం ఆడావో అడగను. తెలుసు. నేను ఆడింది చెబుతాను. ఎడమ చెవిలో ఈలా లేదు, ఏమీ లేదు. జ్వరంలో రెండు వైపులా నరాలు చచ్చిపోయాయని వచ్చిన కొత్తలోనే డాక్టరు రాసిచ్చాడు. వైద్యం ఏమీ లేదు. మందుల వరసలో నిలబడ్డది మీ అమ్మ మోకాళ్ల మందుకి. ఇక్కడ బట్టలుతికే గదిలో పనికి కుదిరాను. ఆ మిషన్ల మోతకి మిగతావాళ్లంతా చెవుల్లో దూది పెట్టుకుంటారు. నాకా బాధ లేదు. నీకు చెప్పొద్దని మీ అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆవిడని ఏమీ అనకు.

నువ్వు నా కోసం, నేను నీ కోసం. మధ్యలో తాపీమేస్త్రీ బిడ్డ.

మామయ్య.

*

షెడ్డు,
ఆదివారం.

మామయ్యకి,

ఈ ఉత్తరం ముందే రాసి ఉండాల్సింది.

గాస్కెట్ మార్చే ముందు సబ్బునీళ్లు చల్లాను. స్లో మారలేదు. అక్కడే ఆగిపోవాలి. నువ్వు చెప్పావు కదా అని మార్చాను. ఆ సాయంత్రం వేడి మీద బాగానే ఉన్నట్టనిపించింది. మర్నాడు పొద్దున తాళం తిప్పితే దగ్గింది, సైలెన్సర్‌లోంచి తెల్లగా ఆవిరి వచ్చింది. ఆ చుయ్ ఏమిటో అప్పుడు తెలిసింది. కాలిన పెనం మీద నీళ్ల చుక్క పడితే వచ్చే శబ్దం. హెడ్ విప్పాలని తెలుసు నాకు.

నిజం రాద్దామనే కూర్చున్నాను. నీ ఉత్తరం పక్కనే ఉంది. చాలా రోజుల తర్వాత ఆకలేసిందని ఉంది అందులో. కలం కదల్లేదు. రెండు వారాల తర్వాత ఏదో వంకతో కారు వెనక్కి రప్పించి నిదానంగా బాగుచేద్దాం, అప్పుడు అబద్ధం కాస్తా నిజమవుతుంది అనుకున్నాను. ఆ రెండు వారాలూ గడవలేదు.

నర్సమ్మగారు తాళం తీసుకుంటూ ‘నమ్మకంగా తీసుకెళ్లొచ్చా’ అని అడిగారు. ‘మామయ్య చెప్పిందే చేశాను’ అన్నాను. నీ మాట ఎత్తగానే ఆవిడ ఇంకేమీ అడగలేదు. అది రోజూ గుర్తొస్తోంది. నన్ను నమ్మి తీసుకెళ్లలేదావిడ. నిన్ను నమ్మి తీసుకెళ్లారు.

కారు గేటు దగ్గర్నుంచి తాళ్లు కట్టి లాగించుకొచ్చాను. హెడ్ విప్పాను. మూడో సిలిండర్ దగ్గర రెండు వాల్వుల మధ్య పగులు. వెంట్రుకంత కూడా లేదు. కళ్లకి కనపడక సుద్దపొడి రాసి అవతలి నుంచి కిరసనాయిలు పోస్తే గీత తడిసి బయటపడింది. వెల్డింగ్ మేస్త్రీ వచ్చి చూశాడు. ‘ఇది పట్టదమ్మా. పట్టినా వేడెక్కితే మళ్లీ అక్కడే నోరు తెరుస్తుంది’ అన్నాడు. ఆ రకం హెడ్లు తయారవడం మానేసి చాలా కాలమైంది. పాతసామాన్ల వాళ్లందర్నీ అడిగాను. ఒకటి దొరికింది, అదీ పగిలిందే.

నిన్న తాపీమేస్త్రీ, అతని భార్య వచ్చారు. కాన్పుకని సర్దుకున్న వాళ్ల సంచి ఒకటి కారులో ఉండిపోయిందట, దానికోసం. ఆవిడ ఇంకా సరిగ్గా నిలబడలేకపోతోంది. బల్ల మీద కూర్చోమన్నాను. కూర్చుని, ‘ఏది పాడైంది?’ అంది. హెడ్ ఎత్తి చూపించాను. తడిసిన గీత మీద వేలు పెట్టింది. ‘ఇంతేనా’ అంది.

‘నాకు ముందే తెలుసు. తెలిసే బండి ఇచ్చాను’ అన్నాను.

ఆవిడ మొగుడి వంక చూసింది. అతను నేల వంక చూశాడు. ‘పద’ అంది. తిట్టలేదు మామయ్యా. వీధి చివరిదాకా చూస్తూ నిలబడ్డాను. వెనక్కి వచ్చి తిడతారేమోనని. రాలేదు.

నర్సమ్మగారు కారు వెనక్కి అడగలేదు. నన్నూ ఏమీ అడగలేదు. ఎదురుపడితే పలకరిస్తారు. ‘తిన్నావా’ అంటారు.

వచ్చెయ్యి మామయ్యా. వినపడకపోయినా రా. ఊరికే బల్ల మీద కూర్చో. నేను ఒక్కదాన్నీ ఈ షెడ్డులో ఉండలేకపోతున్నాను.

నీ మేనకోడలు.

*

బట్టలుతికే గది.

అమ్మా,

రాలేను.

నడిచేటప్పుడు గోడ పట్టుకోవాలి నేను. చెవులతో పాటు ఒంటి నిలకడ కూడా పోయింది, అదీ నీకు చెప్పలేదు. దుప్పట్ల బండి తోస్తున్నానంటే దాన్ని పట్టుకుని నిలబడుతున్నానని అర్థం. ఖాళీ చేతులతో వీధిలో పది అడుగులు వేస్తే తాగుబోతు అంటారు. మీ అమ్మ పెగ్గు మాట అందుకే పుట్టిందేమో.

ఇక్కడ ఒక ఉతుకు మిషన్ ఈమధ్య వణుకుతోంది. నీ ఉత్తరం వచ్చిన రోజున దాని మీద రెండు అరచేతులూ ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాను. వణుకు తెలుస్తోంది. ఎందుకు వణుకుతోందో తెలియడం లేదు. ఇదివరకు చేతులతో కూడా వింటాననుకునేవాణ్ణి. కాదమ్మా. అంతా చెవులే. ఎవరో మిషన్లవాడు వచ్చి ఏదో బిగించి వెళ్లాడు. ఏం బిగించావని అడగలేదు.

నిన్న తాపీమేస్త్రీ ఉన్న ఊరి వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. మీ అమ్మ చూసి ఎందుకని అడిగితే, మెడ పట్టేసిందని చెప్పాను.

తప్పంతా నీ మీదే వేసుకుని రాశావు. వాదించను. నాది లేదని అనుకోవద్దని మాత్రం చెబుతున్నాను. సగం సగం పంచుకున్నా ఎవరి సగమూ తగ్గదు, అది వేరే సంగతి.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఇకనుంచి ఇంజన్ల సంగతి నన్ను అడగొద్దు. రాయనే వద్దు. నువ్వు అడిగితే నాకు చెప్పాలనిపిస్తుంది. నేను చెబితే నువ్వు వింటావు. నీ చెవికి తెలిసింది నీకు తెలుసు, దాని మీద నా మాట తెచ్చి పెట్టకు. షెడ్డు ఉంచుతావో మూస్తావో కూడా నన్నడగకు.

ఉత్తరాలు మానొద్దు. మిగతా సంగతులు రాయి. లోకంలో ఎన్ని లేవు.

మామయ్య.

*

ఇల్లు.

మామయ్యకి,

మిగతా సంగతులు రాయమన్నావు.

వానలు తగ్గాయి. మన గోడ పక్క దర్జీ కొత్త కళ్లద్దాలు పెట్టుకుంటున్నాడు. అవి పెట్టుకున్నాక తను కుట్టినవి చూసుకుని, ‘ఇన్నాళ్లూ ఇంత వంకరగా కుట్టానా, ఒక్కడూ చెప్పలేదే’ అంటున్నాడట. నవ్వొచ్చింది. నీకు చెప్పాలనిపించింది.

వంట నేనే చేసుకుంటున్నాను. పప్పు మాడింది. అమ్మ చేతి వంట తినాలని ఉంది.

నర్సమ్మగారు ఇప్పుడు నడిచే వెళుతున్నారు. దూరం పిలుపులైతే ఒప్పుకోవడం లేదు. ఇటుకబట్టీల వైపు ఎవరూ వెళ్లడం లేదు. ఇది ఇంజన్ సంగతి కాదు కదా అని రాశాను. అవునో కాదో నాకే తెలియడం లేదు.

షెడ్డు తలుపులు వారం నుంచి తియ్యలేదు. తీస్తానేమో. ఈ సంగతి నిన్ను అడగడం లేదు, ఊరికే చెబుతున్నాను.

ఇంకేం రాయాలా అని పొద్దుటి నుంచి కూర్చున్నాను. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి మనిద్దరం ఇంకో విషయం మాట్లాడుకున్నట్టు గుర్తు లేదు మామయ్యా. అన్నం తింటూ కూడా అవే మాట్లాడుకునేవాళ్లం. అమ్మ విసుక్కునేది. నీకు ఏ రంగు ఇష్టమో నాకు తెలియదు. అడిగితే నవ్వుతావు.

కాగితం సగం పైగా ఖాళీగా ఉంది. అలాగే పంపుతున్నాను.

నీ మేనకోడలు.